విప్పకూడని కాగితం

నరసరావుపేట,
12 జూలై 2024.

ప్రత్యూషా,

ఈ రోజు ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నీ మేనత్త, ఎవరి సహాయమూ లేకుండా, తన ఫోనులోని సమస్తాన్నీ తన ఇంటి కంప్యూటరులో భద్రపరచుకున్నది. ఈ వాక్యాన్ని మీ నాన్నకు రెండుసార్లు చదివి వినిపించు. డెబ్బై మూడేళ్ళ మనిషికి ఇవన్నీ ఎందుకని అన్నవాడు వాడే కదా.

నువ్వు పంపిన నాలుగు పేజీల సూచనలను దిద్ది, ఇందులోనే తిప్పి పంపుతున్నాను. మూడవ పేజీలో నీకు అర మార్కు తగ్గించాను. తీగ తగిలించగానే ఫోను కంప్యూటరులో కనిపిస్తుందని వ్రాశావు. కనిపించదు. ఈ కంప్యూటరును నమ్మవచ్చునా అని ఫోను ముందు అడుగుతుంది. నమ్మవచ్చునని మనం చెప్పిన తరువాతే తలుపు తీస్తుంది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. బ్యాకప్‌కు తాళం వేయాలా అని అడిగే చిన్న గడిలో గుర్తు పెట్టగానే పాస్‌వర్డును రెండుసార్లు కొట్టమన్నది. ఇది మరిచిపోతే మరెవరూ తెరవలేరని కూడా మొహమాటం లేకుండా చెప్పింది. అదీ నచ్చింది.

పేర్లు వద్దు, పుట్టినరోజులు వద్దు, మొక్కల పేర్లు అసలే వద్దని నువ్వు పెట్టిన ఆంక్షను పాటించి, ఏ అర్థమూ లేని పదహారు అక్షరాలూ అంకెలూ పేర్చాను. అవి ఏమిటని అడుగుతావు. చెప్పను. ముప్పై నాలుగేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి, మూడు వేల మొక్కల లాటిన్ పేర్లు కంఠస్థంగా ఉన్నదానికి పదహారు అక్షరాలు ఒక బరువు కాదు. పాస్‌వర్డును కాగితం మీద వ్రాసుకునేవాళ్ళను చూస్తే, ఇంటికి తాళం వేసి చెవిని ఆ గడియకే వేలాడదీసి వెళ్ళేవాళ్ళు గుర్తుకు వస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకో నీకు సగమే తెలుసు. మాచర్ల దగ్గరి వెల్దుర్తిలో గంగమ్మ అని నా ఈడు మనిషి ఉన్నది. ముప్పై ఏళ్ళు నాపరాళ్ళ క్వారీలో రాళ్ళు మోసింది. బడి గడప తొక్కలేదు. మూడేళ్ళుగా నెలకు రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి, ఆమె వెంట గుట్టల మీద తిరుగుతూ, ఆమె చెప్పే మొక్కల పేర్లూ వాటి గుణాలూ ఫోనులో రికార్డు చేస్తున్నాను. ఇప్పటికి రెండువందల పన్నెండు. నేను తరగతిలో ఒకే మొక్కగా చెప్పినదానికి ఆమె వద్ద మూడు పేర్లున్నవి: లేతగా ఉన్నప్పుడు ఒకటి, పూసినప్పుడు ఒకటి, ఎండిపోయి గొర్రెలు ముట్టనప్పుడు ఒకటి. నేను వ్రాయబోయే పల్నాటి మెట్ట మొక్కల పుస్తకానికి ప్రాణం ఆ గొంతే. దాన్ని ఎక్కడో ఉన్న ఎవరివో యంత్రాలలో దాచడం నాకు సమ్మతం కాదు. నా ఇంట్లో, నా బల్ల మీద, నా తాళం కింద ఉండాలి.

ఆశీస్సులతో,
నీ మేనత్త
వీరరాఘవమ్మ


విశాఖపట్నం,
20 జూలై 2024.

అత్తా,

నీ దిద్దుబాటు అందింది. అర మార్కు కోసం నీతో వాదించే ధైర్యం హాస్టల్లో ఉన్నప్పుడే లేదు, ఇప్పుడెక్కడ వస్తుంది. పోర్టు ఆఫీసులో మా సెక్షను వాళ్ళకు నీ ఉత్తరం చూపించాను. ఈ కాలంలో స్టాంపు అంటించి ఉత్తరాలు రాసుకునే అత్తాకోడళ్ళు ఉన్నారా అని వాళ్ళకు బ్యాకప్ కంటే అదే వింతగా ఉంది. ఫోనులో మాట్లాడితే నేను ఒక చెవితో ఆఫీసు పని వింటానని మా అత్త కనిపెట్టింది, అందుకే ఈ శిక్ష అని చెప్పాను.

ఒక్క విషయం మాత్రం నవ్వులాటగా తీసుకోవద్దు. ఆ పాస్‌వర్డు పోతే నిజంగానే పోతుంది. ఆ కంపెనీ వాళ్ళు కూడా తీయలేరు. నాకు చెప్పకపోతే మానె, నువ్వు నమ్మిన ఎవరి దగ్గరైనా రాసి పెట్టు. కాగితం నామోషీ అనుకోకు. మేమంతా రాసుకునే ఉంటాం.

మొన్న మెట్ల మీద కళ్ళు తిరిగాయని కింది వాటా వాళ్ళు నాన్నతో అన్నారంట. నాన్న గుంటూరు నుంచి రోజూ నాకు ఫోను చేస్తున్నాడు. నిజమేనా? ఆగస్టు పదిహేనుకు మూడు రోజులు వస్తున్నాను. నీ గంగమ్మ గొంతు నాకూ వినిపించాలి.

నీ
ప్రత్యూష


నరసరావుపేట,
9 సెప్టెంబర్ 2024.

చిరంజీవి ప్రత్యూషకు,

నువ్వు వెళ్ళిన తరువాత పది రోజులకే రెండు అనర్థాలు జరిగినవి. పెద్ద వానలకు ముందు, ఆగస్టు ఇరవై తొమ్మిదిన, వెల్దుర్తి అవతల వాగు దాటుతుండగా కాలు జారి ఫోను నీళ్ళలో పడిపోయింది. నాకేమీ కాలేదు. మోకాలు కొట్టుకున్నది, అంతే. ఈ సంగతి మీ నాన్న దాకా వెళ్ళనవసరం లేదు. ఫోను దొరకలేదు.

రెండవది ఇది. ఈ నెల మూడున గంగమ్మకు పక్షవాతం వచ్చింది. ఆమె కూతురు దుర్గ ఇక్కడికే తీసుకువచ్చి ఆసుపత్రిలో చేర్చింది. రెండు రోజులకు మించదని డాక్టరు చెప్పాడట. మించింది. ఇంటికి పంపించేశారు. కుడివైపు పనిచేయడం లేదు. మనం చెప్పేది అర్థమవుతుంది, ఆమె నోటి నుంచి మాత్రం మాట రాదు. ఇక రాదేమో అంటున్నారు. అనగా ఆ రెండువందల పన్నెండు పేర్లు చెప్పిన గొంతు ఇప్పుడు ఒకేచోట ఉన్నది, నా కంప్యూటరులో.

కొత్త ఫోను కొన్నాను. పాత బ్యాకప్‌ను అందులోకి దించడంలో కంప్యూటరు కొంత మొరాయిస్తున్నది. అక్షరాలు కొట్టినా స్వీకరించడం లేదు. యంత్రం పాతబడినది కావచ్చు. ఇక, కేవలం తెలుసుకోవాలనే కుతూహలం కొద్దీ అడుగుతున్నాను: ఆ పెట్టెను పాస్‌వర్డు లేకుండా తెరిచే ఉపాయం ఏదైనా లోకంలో ఉన్నదా? నా పుస్తకంలో యంత్రాల గురించి ఒక పేరా వ్రాయాలని ఉన్నది.

పది నిమిషాలు ఒక కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. డాబా మీదికి వెళతాను, ఎందుకు వెళ్ళానో తెలియక దిగివస్తాను, మళ్ళీ కంప్యూటరు ముందుకు వెళతాను. మొన్న వెల్దుర్తికి వెళ్ళినప్పుడు దుర్గ ఒకటే అడిగింది. "మా అమ్మ గొంతు నీ ఫోన్లో ఉందంట గదా టీచరమ్మా. ఒక్కసారి ఇనిపించు." వచ్చేవారం అని చెప్పి వచ్చేశాను.

త్వరగా జవాబు వ్రాయి.

వీరరాఘవమ్మ


విశాఖపట్నం,
15 సెప్టెంబర్ 2024.

అత్తా,

గంగమ్మ సంగతి చదివాను. ఆగస్టులో నువ్వు నాకు వినిపించిన రికార్డు ఇంకా చెవిలోనే ఉంది. ఆమె నిన్ను ఎట్లా కసిరిందో తలుచుకుని బస్సంతా నవ్వుకుంటూ వచ్చాను.

నీ కుతూహలానికి జవాబు: లేదు. ఏ ఉపాయమూ లేదు. ఎవరైనా తెరుస్తామని డబ్బు అడిగితే వాళ్ళు మోసగాళ్ళు. పాత ఫోను చేతిలో ఉంటే కొత్త పాస్‌వర్డుతో మళ్ళీ బ్యాకప్ చేసుకోవచ్చు, కానీ అది వాగులో ఉంది.

కంప్యూటరుకు జబ్బేమీ ఉండదు అత్తా. అయినా తీగ పాడైందేమోనని కొత్తది పార్శిల్లో పంపుతున్నాను. పెద్దక్షరాలు పడే మీట నొక్కి ఉందేమో చూడు. ఇవేవీ కాకపోతే మిగిలింది ఒకటే. అడగడానికి భయంగానే ఉంది. నీకు పాస్‌వర్డు గుర్తుందా?

మోకాలికి ఏం రాస్తున్నావు? నిజం చెప్పు.

ప్రత్యూష


నరసరావుపేట,
24 సెప్టెంబర్ 2024.

ప్రత్యూషా,

నీ తీగ వచ్చింది. దానికంటే ముందు మీ నాన్న వచ్చాడు.

నిన్న పొద్దున్నే గోపాలరావు కారులో దిగి, కాఫీ కూడా తాగకుండా, "అక్కా, ఒక్క పరీక్ష, అంతే. గుంటూరు పోయి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాడు. ఏమి పరీక్ష అని అడిగితే క్యాలెండరు వైపు చూస్తూ మాట్లాడాడు. చివరికి బయటపడింది. మతిమరుపు డాక్టరట. ఆయన ఈ రోజు ఏ వారమని అడుగుతాడట. గడియారం బొమ్మ గీయమంటాడట. వేలమంది పిల్లల చేత పువ్వు అడ్డుకోత బొమ్మలు గీయించినదాన్ని, నేను గడియారం గీసి చూపించాలట. అది అయిన తరువాత ఈ వాటా ఖాళీ చేసి వాడి ఇంట్లో వెనక గదిలో ఉండాలట. ఆ గదికి గాలి బాగా వస్తుందట. వాడిని పంపించివేశాను.

వాడికి ఈ ఆలోచన ఎవరు పెట్టారో నాకు తెలియదనుకోకు. నాకు పాస్‌వర్డు గుర్తున్నదా అని అడిగిన ఉత్తరం పోస్టులో ఉండగానే అదే ప్రశ్న వాడి నోటి నుంచి వచ్చింది.

ఇప్పుడు నేను ఒక ప్రశ్న అడుగుతాను. ఆగస్టులో నువ్వు ఇక్కడ ఉన్న మూడు రోజులలో, ఫొటోలు తీసుకుంటానని ఒక మధ్యాహ్నం నా కంప్యూటరు ముందు కూర్చున్నావు. నేను వంటింట్లో ఉన్నాను. ఆ గడిలో గుర్తు తీసి, మళ్ళీ పెట్టి, నీకు తోచిన పాస్‌వర్డేదైనా కొట్టావా? నా మంచికే చేశానని అనుకుని ఉండవచ్చు. చేసి ఉంటే చెప్పు, కోప్పడను. ఒక ముసలి మనిషి గొంతు ఆ పెట్టెలో బందీగా ఉన్నది. ఆమె కూతురు ప్రతిసారీ నా చేతిసంచీ వైపే చూస్తున్నది.

వీరరాఘవమ్మ


విశాఖపట్నం,
30 సెప్టెంబర్ 2024.

అత్తా,

నేను నీ పాస్‌వర్డు మార్చలేదు. మార్చాలన్నా ముందు పాతది కొట్టాలి. అది నాకు తెలియదు. నువ్వే చెప్పనన్నావు. ఫొటోలు తీసుకుంటున్న ఆ మధ్యాహ్నం నువ్వు వంటింట్లో లేవు. నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నావు. గోంగూర ఆకు తెంపుతూ, నేను ఏ మీట నొక్కినా అదేమిటని అడిగావు. అది నీకు గుర్తు లేదు.

నాన్నతో నేనన్నది ఒక్క మాటే. అత్త బ్యాకప్ తెరుచుకోవడం లేదంట, పాపం దిగులుగా ఉంది అన్నాను. మిగతాదంతా నాన్న సొంతంగా కట్టుకున్నాడు. ఆ వెనక గది సంగతి నాకు నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. తెలిసి ఉంటే నీకంటే ముందు నేనే గొడవ పడేదాన్ని.

పదిహేనేళ్ళ వయసులో హాస్టల్లో ఉండలేక ఏడుస్తుంటే వారానికి రెండు ఉత్తరాలు రాసి నన్ను నిలబెట్టిందానివి. నువ్వు నన్ను దొంగను చేస్తావని అనుకోలేదు.

అత్తా, నువ్వు మరిచిపోయావు. అంతే. దానికి నీ తప్పు కూడా పెద్దగా లేదు. మొదటిసారి రెండుసార్లు కొడితే ఆ తర్వాత ప్రతి ఆదివారం నువ్వు తీగ పెట్టినప్పుడు అది మళ్ళీ అడగదు. దానంతటదే చేసుకుపోతుంది. నెలన్నర పాటు ఒక్కసారి కూడా కొట్టని పదహారు అక్షరాలు ఎవరికి గుర్తుంటాయి? నాకైతే ఉండవు. కానీ నేనైతే మరిచిపోయానని చెప్తాను.

మరిచిపోయాను అని ఒక్క మాట రాయి. అప్పుడు ఏం చేయాలో ఇద్దరం కలిసి చూద్దాం. అందాకా నేను రాయను.

ప్రత్యూష


నరసరావుపేట,
14 అక్టోబర్ 2024.

నా తల్లీ,

రెండు వారాలు నీకు ఉత్తరం మొదలుపెట్టి చించివేస్తున్నాను. గోంగూర సంగతి చదివిన తరువాత నాకు గుర్తుకు వచ్చింది. ఆకు తెంపుతూ నీ పక్కనే ఉన్నాను. నీ మీద ఆ మాట వ్రాసిన చేయి నాదే. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని కనుక ఎలా అడగాలో తెలియడం లేదు. ఇలా అడిగానని అనుకో.

ఇప్పుడు నిజం వ్రాస్తున్నాను. ఆ పదహారు అక్షరాలు ఒక కాగితం మీద ఉన్నవి.

జూలైలో, నీకు ఆ గొప్పలన్నీ వ్రాసిన వారానికే, పొయ్యి మీద పాలు పెట్టి మార్కెట్టుకు వెళ్ళాను. గిన్నె మాడిపోయింది. ఇంకొకసారి మాచర్ల బస్టాండులో నిలబడి ఏ ఊరికి టికెట్టు తీసుకోవాలో ఒక నిమిషం పాటు తోచలేదు. ఒక్క నిమిషమే. అయినా ఆ నిమిషం నాతోపాటు ఇంటికి వచ్చింది. ఆ రాత్రే పాస్‌వర్డును కాగితం మీద వ్రాశాను. ఎవరికి ఇవ్వాలి? నీకిస్తే నేను వ్రాసుకున్నానని తెలుస్తుంది. మీ నాన్నకు ఇచ్చే ప్రశ్నే లేదు. చదవడం రాని మనిషి దగ్గర ఉంటే అంత భద్రం మరొకటి ఉండదని తర్కించాను. మరుసటి ప్రయాణంలో దాన్ని గంగమ్మకు ఇచ్చాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇస్తూ చెప్పిన మాటలు ఇప్పుడు చెవిలో మోగుతున్నవి. విప్పవద్దు, తడవనీయవద్దు, ఎవరికీ చూపించవద్దు, నీ ఒంటి మీదే ఉంచుకో అన్నాను. ఆమె రెండు చేతులతో అందుకుని కళ్ళకు అద్దుకున్నది. మర్యాద అనుకున్నాను.

పక్షవాతం వచ్చిన నాలుగు రోజులకు కాగితం కోసం వెళ్ళాను. దుర్గ తన తల్లి ఎడమ చేతి మీది దుప్పటి తీసి చూపించింది. దండచేతికి ఎర్ర దారం, దానికి రాగి గొట్టం. "నువ్విచ్చిన తాయెత్తే టీచరమ్మా. మా అమ్మ ఆ రోజే మాచర్లలో గొట్టం చేయించి కట్టించుకుంది. డాక్టరు లాభం లేదన్నా ఇదే నిలబెట్టింది" అన్నది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నాకు దణ్ణం పెట్టారు. వారిలో ఒకావిడ తన మనవడికీ ఒకటి వ్రాసి ఇమ్మని అడిగింది.

నేను నిజం చెప్పకుండా వచ్చేశాను. ఆ తరువాత నాలుగుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ చెబుదామనే వెళతాను. ఆ గొట్టం వైపు చూస్తాను, తిరిగి వస్తాను. గంగమ్మ గొంతుకు తాళంచెవి గంగమ్మ చేతికే కట్టి ఉన్నది, ఆమె ప్రాణం దానివల్లే నిలిచిందని ఆ ఇంట్లో అందరూ నమ్ముతున్నారు. అది విప్పిన మరునాడు ఆమెకేమైనా అయితే? కాదని నాకు తెలుసు. వాళ్ళకు తెలియదు. నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కగలనా?

ఆ అక్షరాలు ప్రస్తుతం నా వద్ద లేవు. నాకు ఉపాయం చెప్పు.

నీ అత్త


విశాఖపట్నం,
19 అక్టోబర్ 2024.

అత్తా,

నీ ఉత్తరం చదివి ముందు గట్టిగా నవ్వాను. తాయెత్తు రాసిచ్చిన సైన్సు టీచరు అని. మాచర్ల బస్టాండు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ పంక్తులు మళ్ళీ చదవలేదు.

క్షమాపణ అందింది. ఇంకోసారి అడగొద్దు, నీకు రాదు.

ఉపాయం అడిగావు కాబట్టి నాకు తోచింది చెప్తాను. గంగమ్మ నిద్రపోయేటప్పుడు దుర్గ చేత మెల్లగా విప్పించు. లోపలి కాగితం ఫొటో తీసుకో, మళ్ళీ గొట్టంలో పెట్టి కట్టేయండి. ఐదు నిమిషాల పని. ఆమెకు తెలియనే తెలియదు. ఎవరికీ నష్టం లేదు. దుర్గ ఒప్పుకోకపోతే స్నానం చేయించేటప్పుడు దారం మార్చాలని చెప్పు.

నీకు నచ్చదని తెలుసు. నచ్చకపోతే మిగిలింది వాళ్ళకు నిజం చెప్పడమే. అప్పుడు వాళ్ళు ఇవ్వకపోతే ఆ గొంతు పోయినట్టే. ఆ బరువు మోయగలవో లేదో నువ్వే చూసుకో.

ఇంకొక మాట. నాలుగు పేజీల ఉత్తరం రాశావు. అక్షరాలు నీ వద్ద లేవన్నావు. నేనడిగిన మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. వెతికాను.

ప్రత్యూష


నరసరావుపేట,
3 నవంబర్ 2024.

ప్రత్యూషా,

నీ ఉపాయం మంచిదే. ఐదు నిమిషాల పనే. కాని నిద్రపోతున్న మనిషి చేతి నుంచి, మాట పోయి అడ్డు చెప్పలేని మనిషి చేతి నుంచి, నేను ఏదీ తీసుకోలేను. నన్ను నిద్రలో ఎత్తుకువెళ్ళి గుంటూరు వెనక గదిలో పడుకోబెడితే ఎలా ఉంటుందో ఈ మధ్య చాలాసార్లు ఊహించుకున్నాను.

సోమవారం వెళ్ళాను. దుర్గ పత్తి తీతకు వెళ్ళకుండా ఇంటి దగ్గరే ఉన్నది. గంగమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. బస్సులో అనుకున్న ఉపన్యాసమంతా గుమ్మం దగ్గరే ఎగిరిపోయింది. నిలబడే చెప్పాను.

"దుర్గా, ఆ గొట్టంలో ఉన్నది మంత్రం కాదు. నా కంప్యూటరు తాళం. మీ అమ్మ గొంతు ఆ తాళం వెనక ఉంది."

దుర్గ తల్లి చేతి వైపు చూసింది. "మరి మా అమ్మ ఎట్టా బతికింది?" అన్నది.

మందులతో అన్నాను. "ఆ మందులిచ్చినాయనే గదా రెండు రోజులన్నది" అన్నది. ఆ తరువాత అడిగింది అసలు ప్రశ్న. ఎగతాళి లేదు, కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ఇంత చదివినావు గదా టీచరమ్మా. ఆ తాళమేందో నీకు గుర్తు లేదా?"

చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. ఆ గదిలో మాట రానివాళ్ళు ఇద్దరమయ్యాము.

గంగమ్మ అంతా విన్నది. ఎడమ చేతిని రొమ్ముకు అదుముకున్నది. కుడి చేయి కదలదు కనుక ఆ దారాన్ని ఆమె తనంతట తాను విప్పుకోలేదు, దాచుకోగలదు, అంతే. నేను సంచీ భుజాన వేసుకుని వెనుదిరిగాను. సరే గంగమ్మా, నీదే అది, ఉంచుకో అని చెప్పాను. అన్నమాట ప్రకారమే వెళ్ళిపోయేదాన్ని. గుమ్మం దగ్గర ఉండగా వెనక నుంచి ఆమె గొంతులో ఒక శబ్దం వచ్చింది. తిరిగి చూశాను. గడ్డంతో నా సంచీకి గుచ్చి ఉన్న పెన్సిలు చూపిస్తున్నది. తరువాత తన చేయి చూపిస్తున్నది. మళ్ళీ పెన్సిలు.

దుర్గ అర్థం చెప్పింది. "ఇంకోటి రాసియ్యమంటంది. అది కట్టినాకే ఇది ఇప్పనిస్తదంట."

నేను వ్రాసేదానిలో ఏ మహిమా లేదని గంగమ్మకు వివరించబోయాను. ఆమె సగం నోటితో నవ్వింది. గుట్ట మీద నేను మొక్క పేరు తప్పు చెప్పినప్పుడు నవ్వే నవ్వు అది. మళ్ళీ పెన్సిలు చూపించింది.

నోట్‌బుక్కులో నుంచి కాగితం చింపుకుని నేల మీద కూర్చున్నాను. దుర్గ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఖాళీ కాగితం మడిచి ఇస్తే వాళ్ళకు తెలియదు. కాని అది మోసం. శ్లోకం వ్రాస్తే నాకు నమ్మకం లేనిదాన్ని ఆమె ఒంటికి కట్టినట్టు. పాస్‌వర్డే వ్రాద్దామంటే అది ఆమె చేతి మీద ఉన్నది. ఆమె నన్ను నమ్మి పెట్టుకునేదానిలో ఒక నిజమైనా ఉండాలి కదా. నా వద్ద ఎవరికీ ఇవ్వని నిజం ఒకటే మిగిలి ఉన్నది.

"నేను మరిచిపోయాను" అని వ్రాశాను. కింద సంతకం చేసి తేదీ వేశాను.

దుర్గ దాన్ని గుడ్డలో పెట్టి కుట్టింది. నేనే కట్టాను. నా చేతులతో, మూడు ముడులు వేసి. ముప్పై నాలుగేళ్ళు తాయెత్తులను తరగతిలో వెక్కిరించిన చేతులవి. గంగమ్మ ఆ ముడులను కళ్ళతో పరీక్షించి, రెండవది వదులుగా ఉన్నదని చూపించి మళ్ళీ కట్టించింది. అప్పుడు చేయి చాపింది.

గొట్టంలోని కాగితానికి పసుపు, నూనె అంటినవి. పెన్సిలు గీత కనుక చెరగలేదు. పదహారు అక్షరాలను దుర్గ ఎదుటే నకలు వ్రాసుకుని, అసలు కాగితాన్ని గొట్టంలోనే పెట్టి, ఆమె కోరినట్టు దాన్నీ తిరిగి కట్టాను. ఇప్పుడు ఆమెకు రెండున్నవి. ఆ అక్షరాలను చూసినప్పుడు నాకు ఏమాత్రం పరిచయమున్నట్టు అనిపించలేదు. ఎవరో వ్రాసినవి అనిపించింది. ఆ సంగతి నీకు మాత్రమే చెబుతున్నాను.

ఇంటికి వచ్చి ఒక్కొక్కటే చూసి కొట్టాను. పెట్టె తెరుచుకున్నది. అన్నీ ఫోనులోకి దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ కుర్చీలోనే కూర్చున్నాను.

శుక్రవారం వెల్దుర్తికి పట్టుకువెళ్ళాను. మొదట ఏది వినిపించాలని ఆలోచించలేదు, వేలు పడినది నొక్కాను. గాలి శబ్దం, నా ఆయాసం, తరువాత గంగమ్మ. "ఏంది టీచరమ్మా, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినావు, దీనికీ బలుసుకీ తేడా తెలవదా. వాసన చూడు. చూసినావా? ఇప్పుడు చెప్పు." దుర్గ పమిట నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. గంగమ్మ తన గొంతును తానే, ఎవరో తెలిసినవాళ్ళు వీధిలో మాట్లాడుతున్నట్టు, తల ఒకవైపు వంచి విన్నది. అది అయిపోగానే ఎడమ చేత్తో నేల మీద తట్టింది. ఇంకొకటి వేయమని. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఇరవై ఆరు విన్నాము.

ఇక నా సంగతి. గుంటూరు డాక్టరు దగ్గరికి వెళతాను. మీ నాన్నను కారు పంపవద్దని చెప్పు, బస్సులో వెళతాను. పరీక్ష ఫలితం ఏదైనా ఇల్లు ఖాళీ చేసేది లేదని కూడా చెప్పు. నువ్వు సెలవు పెట్టి వచ్చి నా పక్కన కూర్చో. గడియారం బొమ్మ గీయమంటే గీస్తాను. కాని ఆయన వారం పేరు అడగడానికి ముందే నేను చెప్పవలసిన వాక్యం ఒకటి ఉన్నది. ఒకసారి వ్రాశాను. పైకి ఇంకా అనలేదు. అనేటప్పుడు నువ్వు ఉండాలి.

నీ అత్త
వీరరాఘవమ్మ